న్యూట్రల్లోనే ఉంది కదా సార్!

మా రూమ్మేట్ ఒకడు (పేరు రాస్తే చంపేస్తాడు కాబట్టి "మావాడు" అందాం) రెండేళ్ళు డబ్బులు కూడబెట్టి ఒక సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నాడు. ఆల్ వీల్ డ్రైవ్. హైదరాబాద్ ట్రాఫిక్కులో నాలుగు చక్రాలకీ పవరెందుకురా అని అడిగితే "నీకు తెలీదులే, ఫీల్ వేరు" అన్నాడు. సరే, వాడి ఫీలు వాడిష్టం.

మూడు వారాల క్రితం ఒక శనివారం రాత్రి శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ బండి ఆగిపోయింది. బ్యాటరీ దీపం వెలిగింది, ఆ తర్వాత మిగతా దీపాలన్నీ ఆరిపోయాయి. ఫోన్ చేస్తే గంటకి టోయింగ్ బండొచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు దిగారు, పది నిమిషాల్లో ముందు చక్రాలు రెండూ పైకెత్తి కట్టేశారు. వెనక చక్రాలు రోడ్డు మీదే ఉన్నాయి. మావాడు నా వైపు చూసి "ఇలా లాగితే ఏం కాదు కదా? నువ్వు మెకానికల్ కదరా" అన్నాడు. నేను ఆ కుర్రాణ్ణి అడిగా. వాడు నవ్వి "న్యూట్రల్లోనే ఉంది కదా సార్!" అన్నాడు. నేనూ తలూపా. నిద్రొస్తోంది మరి.

గచ్చిబౌలి దాకా యాభై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో ఏదో కాలుతున్న వాసనొస్తే ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాం. సోమవారం గ్యారేజీ వాళ్ళు చెప్పింది వింటే నాకు నోట మాట రాలేదు. ఆగిపోవడానికి కారణమైన ఆల్టర్నేటర్ ఖర్చు వేలల్లోనే. కానీ లాగినందువల్ల పోయిన సామాను ఖర్చు రెండు లక్షల చిల్లర! బండి చెడిపోయి పోయినదానికంటే దాన్ని ఇంటికి తెచ్చుకోవడంలో పోయింది ఎక్కువన్నమాట.

మావాడు నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. తిడితే బాగుండేది.

అప్పట్నుంచీ రాత్రిళ్ళు కూర్చుని ఈ సంగతే చదువుతున్నా. నాలుగేళ్ళు మెకానికల్ చదివి, ఆటోమొబైల్ ల్యాబులో సగానికి కోసిపెట్టిన డిఫరెన్షియల్ బొమ్మని అన్ని వైపుల్నుంచీ గీసి, పరీక్షలో పదికి తొమ్మిది తెచ్చుకుని, చివరికి జావా రాసుకుంటున్న వాణ్ణి. నాకెందుకు తెలియలేదు? చదివే కొద్దీ తెలిసిందేంటంటే, ఇది ఒక కుర్రాడి తప్పు కాదు. దీనికి వందేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర పొడుగునా "న్యూట్రల్" అనే మాటకి అర్థం మారిపోతూ వచ్చింది. మాట మాత్రం అదే ఉండిపోయింది. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, ఇలాంటి రోగం మనకి కొత్త కాదు కదా. ఫంక్షన్ పేరు అదే ఉంటుంది, లోపల పని మారిపోతుంది, పాత నమ్మకంతో పిలిచినవాడు మునుగుతాడు.

సరే, మొదట్నుంచీ చెప్పుకొద్దాం.

నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి ఇవ్వాలన్న ఆలోచన కారంత పాతది. 1903లో హాలెండులో స్పైకర్ కంపెనీ అన్నదమ్ములు ఆరు సిలిండర్ల పందెం కారొకటి చేశారు. నాలుగు చక్రాలకీ డ్రైవు, నాలుగింటికీ బ్రేకులు. ఆ కారు ఇప్పటికీ ద హేగ్‌లోని లౌమన్ మ్యూజియంలో ఉంది. అదొక వింత వస్తువుగానే మిగిలింది. పనికొచ్చే బండిగా చేసింది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో మెషిన్ షాపు నడుపుకునే ఇద్దరు బావాబామ్మర్దులు: ఆటో జాకోవ్, విలియం బెసర్‌డిక్. 1908లో పేటెంటు తీసుకున్నారు. తిరగాల్సిన చక్రానికే శక్తి కూడా ఎలా అందించాలన్నది వాళ్ళు తేల్చిన చిక్కుముడి. వాళ్ళ పేటెంటు నుంచి పుట్టిన ఎఫ్‌డబ్ల్యూడీ కంపెనీ లారీలు మొదటి ప్రపంచ యుద్ధంలో బురదలో సామాన్లు మోశాయి.

ఇక లాగే బండి సంగతి. టెనసీ రాష్ట్రంలో చాటనూగా అనే ఊరుంది. అక్కడ ఎర్నెస్ట్ హోమ్స్ అనే ఆయన గ్యారేజీ నడిపేవాడు. 1916లో ఆయనకి తెలిసిన ఒకాయన ఫోర్డ్ మోడల్ టీ కారు వాగులో పడింది. హోమ్స్ అరడజను మందిని వెంటేసుకుని, దిమ్మెలూ తాళ్ళూ పట్టుకెళ్ళి దాన్ని పైకి తేవడానికి ఎనిమిది గంటలు పట్టిందట. ఇంటికొచ్చి ఆలోచించి, 1913 నాటి కాడిలాక్ కారు చట్రం మీద మూడు స్తంభాలు, ఒక కప్పీ, ఒక గొలుసు బిగించాడు. టో ట్రక్కు అంటే అదే. పేటెంటు తీసుకున్నాడు, తయారీ మొదలెట్టాడు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి కూడా సరఫరా చేశాడు. ఆ ఊళ్ళోనే ఇప్పుడు టోయింగ్ మ్యూజియం ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హోమ్స్ బుర్రలో ఉన్న కారు వెనక చక్రాల డ్రైవు కారు. అప్పటి కార్లన్నీ దాదాపు అవే. వాటికి లెక్క చాలా తేలిక: ఇంజను తిప్పే చక్రాల్ని పైకెత్తు, ఉత్తినే దొర్లే చక్రాల్ని నేల మీద వదిలెయ్. ఎత్తడం కుదరకపోతే గేరు న్యూట్రల్లో పెట్టు. తర్వాత ముందు చక్రాల డ్రైవు కార్లొచ్చాయి, వాటికి ముందు భాగం ఎత్తారు. ఇదీ తేలికే. మరి నాలుగు చక్రాలూ తిరిగే బండికి ఏ చివర ఎత్తాలి? ఆ ప్రశ్నకి హోమ్స్ కొక్కెం దగ్గర జవాబు లేదు. ఏ చివర ఎత్తినా తప్పే.

కానీ చాలాకాలం ఎవరూ ఈ ప్రశ్న అడగాల్సిన అవసరం రాలేదు. దానికి కారణం జీపు.

1940 జులైలో అమెరికా సైన్యం ఒక తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలని కంపెనీలని అడిగింది. గడువు నలభై తొమ్మిది రోజులు. (మన క్లయింట్లు నయం అనిపించింది చదివితే.) బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరుని పట్టుకొచ్చి బొమ్మలు గీయించి, సెప్టెంబర్ 23న నమూనా బండిని సైన్యానికి అప్పజెప్పింది. తర్వాత పెద్ద ఆర్డర్లన్నీ విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు తన్నుకుపోయాయనుకోండి, అది వేరే ఏడుపు. ఆ రెండూ కలిసి యుద్ధం ముగిసేలోపు ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి.

ఆ జీపులో డ్రైవర్ పక్కన మూడు కర్రలుంటాయి. ఒకటి మామూలు గేరు. మిగతా రెండూ ట్రాన్స్‌ఫర్ కేస్ అనే డబ్బావి. గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచేది ఈ డబ్బానే. ఒక కర్ర లాగితే ముందు ఇరుసు కలుస్తుంది, తోస్తే విడిపోతుంది. రెండో కర్రకి హై, లో, వాటి మధ్యన న్యూట్రల్. అంటే జీపులో న్యూట్రల్ ఒకటి కాదు, రెండు! గేర్‌బాక్సు న్యూట్రల్ ఇంజనుకీ గేర్‌బాక్సు బయటి షాఫ్టుకీ మధ్య లంకె తెంపుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్ గేర్‌బాక్సుకీ చక్రాలకీ మధ్య లంకె తెంపుతుంది.

ఈ రెండో న్యూట్రల్ పెట్టడం వల్ల టోయింగ్ సులువైంది గానీ, దాని అసలు ఉపయోగాల్లో ముఖ్యమైనది వేరే. 1945లో యుద్ధం అయిపోయాక విల్లీస్ వాళ్ళు రైతులకి అమ్ముదామని సీజే-2ఏ జీపు తెచ్చినప్పుడు, బండి నిలబెట్టి ఇంజనుతో పంపులూ రంపాలూ తిప్పుకునే ఏర్పాటు పెట్టారు. బండి కదలకుండా ఇంజను పని చెయ్యాలంటే చక్రాల లంకె తెంపాలి కదా, అందుకు పనికొచ్చింది ఆ న్యూట్రల్. 1948లో సియాటెల్‌లో ఆర్థర్ వార్న్ అనే ఆయన ఇంకొకటి కనిపెట్టాడు: ముందు చక్రాల మధ్యలో తిప్పే బిళ్ళలు. ఫ్రీ వీలింగ్ హబ్ అంటారు. బిళ్ళ తిప్పితే చక్రం ఇరుసు నుంచి విడిపోయి ఒట్టి ఎద్దుబండి చక్రంలా దొర్లుతుంది. మంచి రోడ్డు మీద ముందు ఇరుసు ఊరికే తిరగకుండా, పెట్రోలూ అరుగుదలా మిగలాలని చేసింది అది. లాగేటప్పుడు కూడా బ్రహ్మాండంగా పనికొచ్చింది.

మన దగ్గరికి జీపు ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ, దేశ విభజనలో గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి అక్కడ ఆర్థికమంత్రి అయ్యాక, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1940ల చివర్లోనే బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలెట్టారు. ఆ తర్వాత కలెక్టరు గారి జీపు, పోలీసు జీపు, ఎన్నికల జీపు, మన ఊళ్ళలో "జీపొచ్చింది" అంటే ప్రభుత్వం వచ్చిందనే అర్థం.

ఇక్కడ మా పెదనాన్న జీపు గురించి చెప్పాలి. మాది ఖమ్మం వైపు. మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత జీపుని ఆయన ఎవరి దగ్గరో కొన్నారు. డిస్పోజల్ జీపు అనేవాళ్ళు. దాన్ని నడిపే ఆయన్ని మేమంతా డ్రైవర్ తాత అని పిలిచేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు భద్రాచలం నుంచి వస్తుంటే పాల్వంచకి ఇవతల జీపు ఆగిపోయింది. ఒక లారీ ఆయన ఆపి తాడు ఇచ్చాడు. తాడు కట్టేశాక లారీ ఆయన తొందర పడుతుంటే డ్రైవర్ తాత మాత్రం "ఆగయ్యా, ముందు దీని నడుం విడదియ్యాలె" అని, కర్రలు రెండూ ఒకటొకటిగా సర్ది, దిగి ముందు చక్రాల దగ్గర కూర్చుని రెండు బిళ్ళలూ తిప్పాడు. తర్వాత జీపు వెనక్కెళ్ళి చేత్తో తోసి చూశాడు. అది కదిలాక పెదనాన్నతో "దొరా, పిల్లగాణ్ణి తీసుకుని మీరు లారీల ఎక్కుండ్రి" అని, తను జీపు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. లారీ ఆయనకి చెప్పింది రెండే మాటలు: "ఇరవై దాటకు. తాడు వదులు కానియ్యకు."

ఆయన ఐదో తరగతి కూడా చదివినట్టు లేదు. నేను బీటెక్. శామీర్‌పేట దగ్గర ఆయన ఉండుంటే మావాడికి రెండు లక్షలు మిగిలేవి. ఈ మాట అనుకున్నప్పుడల్లా కొంచెం సిగ్గేస్తుంది. కానీ ఆయనకి ఒక సౌకర్యం ఉంది, మనకి లేనిది. ఆయన బండిలో న్యూట్రల్ చేతికి దొరికేది. మన బండిలో అది మాయమైంది. ఎలా మాయమైందో చూద్దాం.

1966లో అమెరికాలో అయొవా రాష్ట్రంలోని విన్నెబాగో కంపెనీ మోటార్ హోములు చెయ్యడం మొదలెట్టింది. ఇల్లంత బండేసుకుని ఊళ్ళు తిరిగే సరదా పెరిగింది. మరి అంత బండిని ఒక చోట ఆపాక పాల ప్యాకెట్ కోసం దాన్నే వేసుకెళ్ళలేరు కదా! అందుకని వెనకాల చిన్న బండినొకదాన్ని ఇనప కడ్డీతో తగిలించుకుని, నాలుగు చక్రాలూ నేల మీద దొర్లిస్తూ లాక్కెళ్ళడం అలవాటైంది. దీనికి జీపుని మించింది లేదు, రెండో న్యూట్రల్ ఉంది కాబట్టి. జీపు వంశంలో తర్వాత వచ్చిన రాంగ్లర్‌కి కూడా ఇదే పద్ధతి. అందులో తమాషా ఏంటంటే, ట్రాన్స్‌ఫర్ కేస్‌ని న్యూట్రల్లో పెట్టి, ఆటోమేటిక్ గేరుంటే "పార్క్"లో, మాన్యువల్ అయితే ఏదో ఒక గేరులో పెట్టమంటుంది దాని పుస్తకం! మన టోయింగ్ కుర్రాడు వింటే నవ్వుతాడు. కానీ ఆలోచిస్తే సబబే. లంకె ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర తెగిపోయింది కాబట్టి గేర్‌బాక్సు కదలకుండా నిలబడి ఉండడమే దానికి క్షేమం.

ఎందుకు క్షేమం? ఇది ఆటోమేటిక్ గేర్‌బాక్సుల కథ. 1939లో ఓల్డ్స్‌మొబైల్ 1940 మోడల్ కార్లలో హైడ్రమాటిక్ వచ్చింది. అది నూనె మీద బతుకుతుంది, ఆ నూనెని తిప్పేది పంపు. పాత ఆటోమేటిక్కుల్లో చాలావాటికి రెండు పంపులుండేవి, ఒకటి ఇంజను తిప్పేది, ఇంకొకటి వెనక చక్రాల వైపు షాఫ్టు తిప్పేది. అందుకని బండిని తోసి స్టార్ట్ చెయ్యడం కుదిరేది, లాగినా నూనె ఆడేది. 1960ల్లో ఖర్చు తగ్గించడానికి ఆ రెండో పంపు తీసేశారు. అప్పట్నుంచీ ఇంజను ఆపి లాగితే లోపల షాఫ్టు తిరుగుతుంది, నూనె మాత్రం రాదు. ఎండు బేరింగులు ఎంతసేపు తట్టుకుంటాయి? కొద్ది దూరం, నెమ్మదిగా అయితే సరే. యాభై కిలోమీటర్లు అయితే గోవిందా.

అదే సమయంలో ఇంకొకటి. దొంగతనాలు ఎక్కువయ్యాయని అమెరికాలో 1970 జనవరి 1 నుంచి తాళం తీస్తే స్టీరింగో గేరో బిగుసుకుపోవాలనే నిబంధన పెట్టారు. చాలా కంపెనీలు స్టీరింగ్ లాకు పెట్టాయి. మంచిదే. కానీ లాగుతున్న బండి మలుపులో తిరగాలంటే ఆ లాకు తెరిచి ఉండాలి, అంటే తాళం వేసి ఉంచాలి. భద్రత కోసం పెట్టినది ఇంకో చోట ప్రమాదమైంది. మనం పాస్‌వర్డ్ పాలసీ మార్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక రాత్రి జాబ్ ఆగిపోతుంది చూడండి, అలాగే.

ఇక అసలు మలుపు 1970 తర్వాత వచ్చింది. జీపు ఫోర్ వీల్ డ్రైవుని బురదలో మాత్రమే వాడాలి. ముందు ఇరుసూ వెనక ఇరుసూ గట్టిగా కలిసిపోయి ఉంటాయి కాబట్టి తారు రోడ్డు మీద మలుపు తిరిగితే మెలిపడుతుంది. మరి మామూలు మనిషి ఏ కర్రా లాగకుండా నాలుగు చక్రాల పట్టు ఎప్పుడూ ఉంటే బాగుండు కదా? 1970లో రేంజ్ రోవర్ ఇరుసుల మధ్య కూడా ఒక డిఫరెన్షియల్ పెట్టి వచ్చింది. 1972లో సుబారు లియోన్ మామూలు కారులోనే ఫోర్ వీల్ డ్రైవ్ ఇచ్చింది. 1973 మోడల్ జీపుల్లో క్వాడ్రా-ట్రాక్ వచ్చింది. 1980 మోడల్‌గా ఏఎంసీ ఈగిల్, అదే ఏడాది జెనీవాలో ఆడి క్వాట్రో. కర్రలు పోయాయి, చక్రాల బిళ్ళలు పోయాయి. వాటితో పాటు రెండో న్యూట్రల్ కూడా చాలా బండ్లలో పోయింది.

ఈగిల్‌లో వాడిన విస్కస్ కప్లింగ్ అనేది చూడ ముచ్చటైన వస్తువు. ఒక డబ్బాలో చిక్కటి సిలికాన్ ద్రవం, అందులో బోలెడు పలచని బిళ్ళలు. సగం బిళ్ళలు ముందు ఇరుసువి, సగం వెనక ఇరుసువి. రెండూ దాదాపు ఒకే వేగంతో తిరిగితే ఏమీ జరగదు. తేడా పెరిగితే ద్రవం వేడెక్కుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, రెండింటినీ కలిపి పట్టేస్తుంది. కంప్యూటరు లేదు, సెన్సరు లేదు, ద్రవమే తెలివి.

ఇప్పుడు లెక్క వేద్దాం. టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు అనుకోండి. గంటకి 60 కి.మీ. అంటే నిమిషానికి 1000 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి దాదాపు 476 చుట్లు. ఇరుసు దగ్గర గేరు నిష్పత్తి సుమారు 4 అనుకుంటే షాఫ్టు నిమిషానికి దాదాపు 1900 చుట్లు తిరుగుతుంది. ముందు చక్రాలు గాల్లో కట్టేసి ఉన్నాయి, అంటే అటువైపు సున్నా. అప్పుడప్పుడూ మలుపుల్లో వచ్చే కొద్దిపాటి తేడా కోసం చేసిన వస్తువుకి 1900 చుట్ల తేడా, అదీ గంటసేపు! గేరు న్యూట్రల్లోనే ఉంది. కానీ కప్లింగు గేర్‌బాక్సుకి అవతల, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్యన కూర్చుని ఉంది. ఆ న్యూట్రల్‌కి దీనితో సంబంధమే లేదు. మేం పీల్చిన చెత్త వాసన అదే.

(ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదని ఇప్పుడు మీకూ అర్థమై ఉంటుంది. న్యూట్రల్లోనే ఉంది. ప్రశ్న ఏ న్యూట్రల్ అన్నది.)

తర్వాత ఈ పని ఎలక్ట్రానిక్స్ చేతికొచ్చింది. 1998 ప్రాంతంలో ఆడి టీటీ లాంటి కార్లలో హాల్డెక్స్ క్లచ్ వచ్చింది, ఎంత పట్టాలో కంట్రోలర్ నిర్ణయిస్తుంది. కొన్నిటిని లాగొచ్చు, కొన్నిటిని లాగకూడదు, చూస్తే తెలీదు. హోండా సీఆర్-వీ ఫోర్ వీల్ డ్రైవ్ బండిని మోటార్ హోము వాళ్ళు ఏళ్ళ తరబడి వెనక తగిలించుకుని తిరిగారు. దానికో తంతు ఉండేది: ఇంజను స్టార్ట్ చేసి, గేర్లన్నీ ఒక్కోటీ తిప్పి, న్యూట్రల్లో కొన్ని నిమిషాలు నడిపి, అప్పుడు ఆపాలి. లోపల అన్నిచోట్లకీ నూనె పట్టించడమన్నమాట. 2015 మోడల్లో సీవీటీ గేర్‌బాక్సు వచ్చాక అమెరికాలో ఆ అనుమతి పోయింది. బయటికి అదే పేరు, అదే బండి. పాత మోడల్ అలవాటుతో కొత్తదాన్ని తగిలించుకుంటే అంతే సంగతులు.

ఇంకో కథ మన జాతికి బాగా దగ్గరిది. 2013లో క్రైస్లర్ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4.69 లక్షల జీపు ఎస్‌యూవీల్ని వెనక్కి పిలిచింది. 2005-10 గ్రాండ్ చెరోకీలు, 2006-10 కమాండర్లు. కారణం? వాటిలో ట్రాన్స్‌ఫర్ కేస్‌ని మార్చేది కర్ర కాదు, ఎలక్ట్రానిక్ కంట్రోలు. సర్క్యూట్ బోర్డులో పగుళ్ళొస్తే డ్రైవరు అడక్కుండానే అది న్యూట్రల్లోకి జారిపోయే ప్రమాదం ఉంది. పార్క్‌లో పెట్టి దిగినా బండి దొర్లిపోతుంది! డ్రైవర్ తాత చేతికి తగిలే కర్ర, డెబ్భై ఏళ్ళలో ఒక సిగ్నల్ అయిపోయింది. సిగ్నల్ తప్పుగా కూడా రావచ్చు.

ఎలక్ట్రిక్ బండ్లతో కథ ఇంకో అడుగు ముందుకెళ్ళింది. చాలావాటిలో చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, అయస్కాంతాల మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది. టెస్లా తన బండ్లని నాలుగు చక్రాలూ నేల నుంచి పైకెత్తే తీసుకెళ్ళమంటుంది. అంటే ఫ్లాట్‌బెడ్డే. హోమ్స్ కొక్కెం కథ ఇక్కడితో సమాప్తం.

ఇంత చదివాక నాకు మిగిలిన సూత్రం ఒక్కటే. నాలుగు చక్రాలూ తిరిగే బండికి రెండు నేల మీద, రెండు గాల్లో అనేది శత్రువు. నాలుగూ గాల్లో ఉండాలి. లేదా బండి పుస్తకం ఒప్పుకుంటే, అది చెప్పిన పద్ధతిలో, నాలుగూ నేల మీద ఉండాలి. ఫ్లాట్‌బెడ్ దొరకకపోతే ఎత్తిన రెండు పోను మిగతా రెండు చక్రాల కింద చిన్న చక్రాల బండి పెడతారు, డాలీ అంటారు, అదీ పర్వాలేదు. మన లారీ వాళ్ళు దూరం లాగాల్సొస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు విప్పేసి లాగుతారు. వాళ్ళకి ఈ సూత్రం ఎవరూ క్లాసులో చెప్పలేదు.

బండి సంగతి సరే, మనుషుల సంగతి? గేర్‌బాక్సు పోతే డబ్బు పోతుంది. తాడు తెగితే ప్రాణం పోతుంది. రెండు టన్నుల బండి గంటకి 60 కి.మీ. మీద ఉంటే దాని శక్తి సుమారు 2.8 లక్షల జౌళ్ళు, పద్నాలుగు మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి పడేసినంత. ఇంజను ఆగిన బండిలో బ్రేకుకీ స్టీరింగుకీ సాయం చేసే బూస్టు కూడా ఉండదు, రాయిలా బిగుసుకుంటాయి. మన దేశంలో 1989 నాటి రోడ్డు నియమాల్లో ఇవన్నీ రాసే ఉన్నాయి: లాగే బండికీ వెనక బండికీ మధ్య ఐదు మీటర్లు మించకూడదు, వేగం గంటకి 24 కి.మీ. దాటకూడదు, వెనక బండిలో లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి (లేదా స్టీరింగు చక్రాలు గట్టిగా పైకెత్తి ఉండాలి), బండి వెనకాల తెల్ల బోర్డు మీద 75 మిల్లీమీటర్ల నల్ల అక్షరాల్లో "ఆన్ టో" అని ఉండాలి. 2017లో వీటి స్థానంలో కొత్త నియమాలొచ్చాయి. డ్రైవర్ తాత "ఇరవై దాటకు" అన్నది ఏ పుస్తకం చూసీ కాదు. కానీ పుస్తకంలో ఉన్నది కూడా దాదాపు అదే.

చాటనూగా మ్యూజియం ఆవరణలో ఒక గోడ ఉందట. రోడ్ల మీద చెడిపోయిన బండ్లని తీస్తూ చనిపోయిన టోయింగ్ పనివాళ్ళ పేర్లు చెక్కిన గోడ. ఇది చదివినప్పుడు ఆ రాత్రి మా కుర్రాళ్ళిద్దరూ గుర్తొచ్చారు. ఔటర్ మీద లారీలు గాలి కొట్టుకుంటూ పోతుంటే, మెరిసే జాకెట్ కూడా లేకుండా, ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని బండి కిందకి దూరారు. వాళ్ళకి ఫ్లాట్‌బెడ్ ఇవ్వాల్సింది, నేర్పాల్సింది ఎవరు? "ఆల్ వీల్ డ్రైవ్ బండి, ఫ్లాట్‌బెడ్ పంపండి" అని ఫోన్లోనే చెప్పాల్సింది ఎవరు? మావాడి మీదో, వాళ్ళ మీదో తోసేద్దామని చాలా ప్రయత్నించా. నావల్ల కాలేదు.

నిన్న మావాడి బండి డ్యాష్‌బోర్డు అర తెరిచి చూశా. పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా ఉంది. టోయింగ్ పేజీలో ఒక బొమ్మ: ముందు చక్రాలు ఎత్తి లాగుతున్న బండి, దాని మీద పెద్ద ఇంటూ గుర్తు. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ. రిపేరు ఖర్చులో సగం నేను ఇస్తానన్నా. మావాడు ముందు వద్దన్నాడు, తర్వాత మూడో వంతుకి ఒప్పుకున్నాడు. నా డబ్బుతో కొనుక్కున్న చదువు ఇది, బీటెక్ కంటే చవకే.

మీ బండి ఏదైనా సరే, ఈ ఆదివారం ఒక్కసారి ఆ అర తెరిచి ఆ పేజీ చూడండి. రెండు నిమిషాల పని. చూశాక ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. అర్ధరాత్రి రోడ్డు మీద ఎవరైనా "న్యూట్రల్లోనే ఉంది కదా సార్" అంటే, నాలాగా తలూపకుండా "ఏ న్యూట్రల్ తమ్ముడూ?" అని అడగొచ్చు.